రెండు ఆఫర్లు, తొమ్మిది రోజులు: ఏ యూనివర్సిటీకి సరేనని చెప్పాలి?

కాగితంపడవ
శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

డిగ్రీ కోసం ఏడు యూనివర్సిటీలకు అప్లై చేశాను. నాలుగు కాదన్నాయి. ఒకటి వెయిటింగ్ లిస్టులో పెట్టింది. రెండు సీటిచ్చాయి. ఆ రెండింట్లో ఒకదానికి తొమ్మిది రోజుల్లో సరేనని చెప్పాలి.

మొదటిది బాగా పేరున్నది. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వందలో ఉంటుంది. కానీ నాకిచ్చింది అందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి సంవత్సరంలో సీటు. మెయిన్ సబ్జెక్టును రెండో ఏడాదికి ముందు మార్కులను బట్టి కేటాయిస్తారట. నాకు కావాల్సింది స్టాటిస్టిక్స్. అది దొరుకుతుందన్న హామీ లేదు. స్కాలర్‌షిప్ కూడా లేదు.

రెండోది చిన్నది. నేరుగా స్టాటిస్టిక్స్‌లోనే సీటు. ఫీజులో దాదాపు సగం తగ్గిస్తామన్నారు. ర్యాంకుల పట్టికలో మాత్రం చాలా కిందికి వెళ్తే గానీ కనిపించదు.

పొద్దున ఒకటి అనుకుంటే రాత్రికి ఇంకోటి అనిపిస్తోంది. నాన్న "నీ ఇష్టం తల్లీ" అంటున్నారు. కానీ ఎవరైనా ఫోన్ చేస్తే మొదటిదాని పేరే చెబుతున్నారు, ఆ గొంతులో సంతోషం నాకు తెలుస్తూనే ఉంది. ఆయన్ని నిరాశపరుస్తానేమోనన్న టెన్షన్ ఒకవైపు, సబ్జెక్టు చేజారుతుందేమోనన్న భయం ఇంకోవైపు. మీరంతా ఎలా తేల్చుకున్నారో చెప్పండి.


మూడోబెంచి
శనివారం, రాత్రి 11:15

ముందుగా అభినందనలు చెల్లీ. ఏడింట్లో రెండు రావడం చిన్న విషయం కాదు. నాలుగు కాదన్నాయన్న బాధలో ఆ సంగతి మరుగున పడనివ్వకు.

నేనిప్పుడు చివరి ఏడాదిలో ఉన్నాను. అప్లై చేసే రోజుల్లో ప్రతి నిర్ణయమూ ర్యాంకుల పట్టిక పక్కన పెట్టుకునే తీసుకున్నాను. ఆ అంకె దేన్ని కొలుస్తుందో చేరాక గానీ చదవలేదు. ప్రపంచ యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే క్యూఎస్ పట్టికలో 2024 ఎడిషన్ నుంచి నూటికి 30 పాళ్లు ప్రొఫెసర్లను అడిగిన సర్వేవి, 15 పాళ్లు ఉద్యోగాలిచ్చే సంస్థలను అడిగిన సర్వేవి. అంటే దాదాపు సగం బరువు ఆ యూనివర్సిటీ గురించి బయటివాళ్లకున్న అభిప్రాయానిదే. ఇంకో 20 పాళ్లు అక్కడి పరిశోధనలను ఇతరులు ఎంతగా ఉదహరించారన్నదానికి. ఒక్కో టీచరుకు ఎంతమంది విద్యార్థులు అన్న లెక్కకు 10 పాళ్లే.

ఇంకో పేరున్న ర్యాంకుల జాబితా షాంఘై పట్టిక, 2003లో మొదలైంది. ప్రపంచంలోని మేటి యూనివర్సిటీలకు చైనా యూనివర్సిటీలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవడానికి దాన్ని తయారుచేశారు. అందులో పూర్వ విద్యార్థులకు వచ్చిన నోబెల్ బహుమతులకు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడళ్లకు కలిపి 10 పాళ్లు, అక్కడ పనిచేసేవారికి వచ్చినవాటికి 20 పాళ్లు ఇస్తారు.

పరిశోధన వైపు వెళ్లేవారికి ఇవి పనికొస్తాయి. మొదటి ఏడాది ప్రాబబిలిటీ పాఠం ఎవరు చెబుతారు, అర్థం కాకపోతే ఎవరి తలుపు తట్టాలి అన్నవి మాత్రం వీటిలో ఏ గడిలోనూ కనిపించవు. పట్టిక చూడాల్సిందే అనుకుంటే మొత్తం ర్యాంకు వదిలేసి స్టాటిస్టిక్స్ సబ్జెక్టు ర్యాంకు చూడు. రెండింటి మధ్య తేడా కొన్నిచోట్ల చాలా ఉంటుంది.


గోరింటచెట్టు
ఆదివారం, ఉదయం 6:50

నీ పోస్టు చదివాక నా మొదటి ఏడాది అంతా కళ్లముందు తిరిగింది.

నేను సరిగ్గా నువ్వు చెప్పిన మొదటి రకం సీటులోనే చేరాను. పేరు రాయను. నాకు కావాల్సింది కంప్యూటర్ సైన్స్. బాగా చదివితే అదెక్కడికి పోతుందిలే అనుకున్నాను. అక్కడికి వచ్చినవాళ్లంతా తమ స్కూళ్లలో ఫస్ట్ వచ్చినవాళ్లే, అందరూ అదే మాట అనుకుని వచ్చినవాళ్లే. ఒక్కో క్లాసులో మూడొందల మందికి పైగా ఉండేవాళ్లం. వెనక వరుసకు బోర్డు కనిపించేది కాదు. సందేహాలుంటే వారానికి ఒక గంట పరిశోధన విద్యార్థులు కూర్చునేవారు, ఆ గంటలో నా వంతు వచ్చేసరికి టైం అయిపోయేది.

ఏడాదంతా కటాఫ్ కోసమే చదివాను. ఎంతో ఇష్టపడి తీసుకున్న ఫిలాసఫీ పేపర్ సగటును కిందికి లాగుతుందేమోనని వదిలేశాను. జ్వరంతో క్లాసులకు రాలేకపోయిన పక్కగది అమ్మాయి నోట్సు అడిగితే, ఇవ్వడానికి ఒక్క క్షణం వెనకాడాను. ఇచ్చాను గానీ, ఆ వెనకాడడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ పద్ధతి మనుషుల్ని అలా చేస్తుంది. చివరికి కొద్దిలో కటాఫ్ అందలేదు. వాళ్లిచ్చిన సబ్జెక్టులో ఆర్నెల్లు కూర్చుని, ఇక నావల్ల కాదని ఇంట్లో చెప్పి వేరేచోటికి మారాను.

మారడమంటే సామాను సర్దుకోవడమే అనుకున్నాను. యూరప్ పద్ధతిలో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు. నా చేతిలో 90 ఉన్నాయి. కొత్తచోట 54 మాత్రమే ఒప్పుకున్నారు. ఆర్నెల్లకు పైగా చదివిన చదువు లెక్కలోకే రాలేదు.

నేను చదివింది నిజంగా గొప్ప యూనివర్సిటీ, దాన్ని తప్పుపట్టను. కంప్యూటర్ సైన్స్ ఇస్తామని వాళ్లు ఎక్కడా మాటివ్వలేదు. ఆఫర్ లెటర్లో రెండో పేరాలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. పేరు చూసిన సంతోషంలో నేను రెండో పేరా దాకా వెళ్లలేదు. నువ్వు వెళ్లావు, అందుకే నీకు నిద్ర పట్టడం లేదు.


తూర్పుగాలి
ఆదివారం, ఉదయం 9:25

గోరింటచెట్టు గారూ, మీరు పడిన కష్టం అర్థమైంది. అయినా రెండోవైపు కూడా చెప్పకపోతే ఈ అమ్మాయికి న్యాయం చేసినట్టు కాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఏ రంగంలోనూ తెలిసినవాళ్లు లేరు. ఇంటర్న్‌షిప్ అన్న మాట కూడా చేరాకే విన్నాను. మా యూనివర్సిటీ పేరు లేకపోతే నా మొదటి దరఖాస్తును ఎవరూ తెరిచి ఉండేవారు కాదు. ఇంటర్వ్యూ చేసినవారే ఆ మాట నాతో అన్నారు. దానికంటే ముఖ్యం, పక్కన కూర్చున్నవాళ్లు. ఏ పనికి ఏ నెలలో అప్లై చేయాలి, ప్రొఫెసర్‌కు మెయిల్ ఎలా రాయాలి, ఇవన్నీ వాళ్ల ఇళ్లలో చిన్నప్పటి నుంచే తెలుసు. నేను వాళ్లను చూసి నేర్చుకున్నాను. చదువు కోసం చేసిన అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. మళ్లీ అవకాశం వచ్చినా అక్కడే చేరతాను.

కాబట్టి పేరుకు విలువ లేదని ఎవరైనా అంటే నమ్మకు. ఆ పేరు నీలాంటి పరిస్థితిలో ఉన్నవారికి ఏం ఇస్తుందో, దానికోసం నువ్వేం పణంగా పెడుతున్నావో చూడు.


ఎర్రసిరా
ఆదివారం, మధ్యాహ్నం 3:10

అమ్మా, నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. సిఫారసు ఉత్తరాలు వందల్లో రాశాను, ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో వీలైనంతవరకు కనుక్కుంటూ వచ్చాను.

తూర్పుగాలి చెప్పిన మాటకు ఆధారం ఉంది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో 1976లో కాలేజీలో చేరినవారి సంపాదనను చాలా ఏళ్ల తర్వాత చూశారు. దాదాపు ఒకే స్థాయి కాలేజీలకు అప్లై చేసి, ఒకే రకంగా సీట్లు వచ్చినవాళ్లలో కొందరు పెద్ద పేరున్నచోట చేరారు, కొందరు చేరలేదు. సగటున వాళ్ల సంపాదనల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. తూర్పుగాలి అనుభవం సరిగ్గా అదే.

నాకు ఆ అధ్యయనంలో నచ్చిన విషయం ఇంకొకటుంది. పిల్లవాడు ఎక్కడ చేరాడన్నది అంతగా తేడా చూపలేదు గానీ, ఏ స్థాయి కాలేజీలకు అప్లై చేసే ధైర్యం చేశాడన్నది అతని భవిష్యత్తు గురించి చాలా చెప్పింది. ఆ ధైర్యం నీతోనే వస్తుంది, ఏ గేటు లోపలికి వెళ్లినా.

ఇక పని సంగతి. రెండు యూనివర్సిటీలకూ ఈరోజే మెయిల్ రాయి. అడ్మిషన్ ఆఫీసుకు ఒకటి, స్టాటిస్టిక్స్ విభాగానికి ఒకటి. మొదటివారిని అడుగు: గత మూడేళ్లలో ఉమ్మడి సంవత్సరం నుంచి స్టాటిస్టిక్స్ కోరుకున్నవారు ఎంతమంది, దొరికినవారు ఎంతమంది? రెండోవారిని అడుగు: మూడో ఏడాది, నాలుగో ఏడాది కోర్సుల్లో వచ్చే రెండేళ్లలో నిజంగా నడిచేవి ఏవి? ప్రాస్పెక్టస్‌లో ముప్పై కోర్సుల పేర్లుంటాయి. ఏ ఏడాదైనా పాఠం జరిగేవి వాటిలో కొన్నే. చిన్న విభాగాల్లో ఒక్క టీచరు సెలవు మీద వెళ్తే ఒక కోర్సే ఆగిపోతుంది. రెండు చోట్లా ఇప్పుడు చదువుతున్న విద్యార్థి ఒకరితో మాట్లాడించమని అడుగు. వెబ్‌సైట్లో ఫొటోలున్న విద్యార్థులతో కాదు, విభాగంవాళ్లు చూపించిన రెండో ఏడాది విద్యార్థితో.

జవాబులో ఏముందో చదువు. ఎన్ని రోజులకు వచ్చిందో, ఎవరు రాశారో కూడా గమనించు.


తూర్పుగాలి
ఆదివారం, మధ్యాహ్నం 3:40

సార్, ఆ అధ్యయనం గురించి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్మన్ రాసింది నేను చదివాను. అమెరికాలోని అత్యంత పేరున్న పన్నెండు కాలేజీల గురించి. సగటు సంపాదన అక్కడా పెద్దగా మారలేదు. అత్యధికంగా సంపాదించే ఒక్క శాతంలోకి చేరే అవకాశం మాత్రం పెరిగిందని తేలింది. పెద్దపెద్ద పదవుల దారి అక్కడినుంచి దగ్గర. కాగితంపడవకు ఆ దారి కావాలో వద్దో తనే చెప్పాలి.


ఇద్దరుపిల్లల_నాన్న
ఆదివారం, రాత్రి 8:05

అమ్మా, తండ్రిగా ఒక మాట. మీ నాన్నగారితో కూర్చుని కాగితం మీద నాలుగేళ్ల లెక్క వేయండి. మొదటి ఏడాది లెక్క ఒక్కటే చూసి మా పెద్దవాడి విషయంలో మేము పొరబడ్డాం.

స్కాలర్‌షిప్ ఏటేటా పొడిగిస్తారా, దానికి సగటు మార్కులు ఎంత ఉండాలి, ఒక సెమిస్టర్ తగ్గితే వెంటనే పోతుందా, ఇంకో అవకాశం ఉంటుందా? ఫీజు పెరిగితే తగ్గింపు కూడా పెరుగుతుందా, లేక అంతే ఉంటుందా? మావాడికి ఇచ్చినది మొదటి రెండేళ్లకే. ఆ ముక్క లెటర్ వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. మూడో ఏడాది ఫీజు కాగితం చేతికొచ్చినప్పుడు గుండెలో రాయి పడ్డట్టయింది. వాడు సాయంత్రాలు పనిచేస్తూ చదువు పూర్తిచేశాడు. నేను ముందే చదివి ఉంటే వాడికి ఆ కష్టం తప్పేది.

ఫోన్లో ఎవరు ఏం చెప్పినా రాతపూర్వకంగా తీసుకోండి. మధ్యలో ఏజెంటు ఉంటే, ఆయనకు డబ్బు ఎవరిస్తున్నారో అడగండి. పిల్లల్ని చేర్పించినందుకు యూనివర్సిటీలే కమీషన్ ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. అలాంటప్పుడు ఆయన చూపించే జాబితాలో కమీషన్ ఇవ్వని యూనివర్సిటీలు కనిపించకపోవచ్చు.

వచ్చే ఏడాది అప్లై చేసేవాళ్లకు ఇంకో సంగతి. అమెరికాలో ఎర్లీ డెసిషన్ అని ఉంది. సీటిస్తే తప్పక చేరతానని ముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి. రెండు మూడు చోట్ల ఎంత సాయం ఇస్తారో పోల్చి చూసుకునే వీలు దాంతో పోతుంది. డబ్బు ఆలోచించాల్సిన ఇళ్లలో ఆ సంతకం పెట్టేముందు పదిసార్లు ఆలోచించాలి. ఎర్లీ యాక్షన్ వేరు, దానిలో ఆ కట్టుబాటు లేదు.


కొత్తపెన్సిల్
ఆదివారం, రాత్రి 9:30

టాపిక్ మారుస్తున్నందుకు క్షమించండి. మాది అన్నీ ఒకేచోట వరుసగా పెట్టాల్సిన కేంద్రీకృత అడ్మిషన్. రాదేమోననుకునే కాలేజీని మొదట పెడితే, రెండోదాని సీటు ఈలోగా వేరేవాళ్లకు పోతుందా? ఫ్రెండ్స్ అందరూ వచ్చేదాన్నే పైన పెట్టమంటున్నారు.


సరిజోడు
ఆదివారం, రాత్రి 10:20

కొత్తపెన్సిల్, నీ ఫ్రెండ్స్ మాట వినేముందు మీ పద్ధతి ఏదో కనుక్కో. దీని మీద నాకు చాలా పట్టింపు ఉంది, ఏటా ఎంతోమంది ఈ ఒక్క భయంతో తమ సీటును తామే వదులుకుంటారు.

1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షేప్లీ అనే గణితవేత్తలు ఈ సమస్యకు ఒక పరిష్కారం రాశారు. ప్రతి విద్యార్థీ మొదట తన ఒకటో ఎంపిక దగ్గరికి వెళ్తాడు. కాలేజీ తన సీట్ల మేరకు మెరిట్ ఉన్నవాళ్లను తాత్కాలికంగా పట్టి ఉంచుతుంది, మిగతావాళ్లను పంపేస్తుంది. వాళ్లు తమ రెండో ఎంపికకు వెళ్తారు. అక్కడ అప్పటికే పట్టి ఉంచినవారికంటే వీళ్ల మెరిట్ ఎక్కువైతే వీళ్లకే సీటు, ముందున్నవారు బయటికి. ఎవరూ కదలాల్సిన పని లేనంతవరకు ఇలా సాగుతుంది, అప్పుడే సీట్లు ఖాయం చేస్తారు. కాబట్టి రెండోదిగా రాసినంత మాత్రాన నువ్వు ఆ కాలేజీలో ఎవరికంటే వెనకబడవు. నీకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అదే వరుస రాయడం మంచిది. షేప్లీకి, ఈ సిద్ధాంతాన్ని ఆచరణలోకి తెచ్చిన ఆల్విన్ రోత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. భారత్‌లో ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు ఉమ్మడి కౌన్సెలింగ్ జరిపే జోసా వాడేది, హంగరీలో యూనివర్సిటీ సీట్లకు వాడేది ఈ కుటుంబానికి చెందిన పద్ధతులే.

రెండు జాగ్రత్తలు. ఇన్నే ఎంపికలు రాయాలని పరిమితి ఉంటే, అన్నీ అందనివే రాసి ఖాళీ చేతులతో మిగలకు. ఇక కొన్నిచోట్ల మొదటి ఎంపికగా రాసినవారికే ముందు సీట్లు ఖాయం చేసేస్తారు, అక్కడ నీ ఫ్రెండ్స్ భయం నిజమే. బోస్టన్ నగర స్కూళ్లలో అలాంటి పద్ధతే ఉండేది. నిజాయితీగా వరుస రాసిన కుటుంబాలు నష్టపోతున్నాయని 2005లో దాన్ని మార్చారు. నిబంధనల పుస్తకంలో కేటాయింపు ఎలా జరుగుతుందో చెప్పే పేజీ తప్పక ఉంటుంది. అది చదివి ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.

బ్రిటన్‌లో యూనివర్సిటీ దరఖాస్తులన్నీ తీసుకునే యూకాస్ ద్వారా వెళ్లేవారికి ఈ బాధే లేదు. ఐదు ఎంపికల వరకు పెట్టొచ్చు, వరుస ఉండదు. ఆఫర్లకు నువ్వు జవాబిచ్చేదాకా ఏ యూనివర్సిటీకీ మిగతావి ఏవో కనిపించవు.


ఉత్తరంవైపు
సోమవారం, తెల్లవారుజాము 1:15

రెండు ఆఫర్ల మధ్య నలుగుతున్నవాళ్ల దగ్గర ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. చదువుతున్నవాళ్లలో నాలాంటివాళ్లు కూడా ఉంటారని రాస్తున్నాను.

మొదటిసారి నాకు ఎక్కడా రాలేదు. తొమ్మిది చోట్ల అప్లై చేస్తే తొమ్మిదీ కాదన్నాయి. ఒకదానికి అసలు అప్లికేషనే చేరలేదు. గడువు సాయంత్రం ఆరు గంటలని ఉంటే నా గడియారం చూసుకున్నాను, అది వాళ్ల దేశపు టైం. అప్పటికి అక్కడ ఆరు దాటి చాలాసేపయింది. మిగతా ఎనిమిదింటికీ ఒకే వ్యాసం పంపాను, యూనివర్సిటీ పేరు మార్చి. ఇప్పుడు చదువుతుంటే ఆ వ్యాసంలో నేను ఎక్కడా లేను. "చిన్ననాటి నుంచి సైన్స్ అంటే మక్కువ" అని మొదలవుతుంది.

ఆ ఏడాది ఫోన్ ఎత్తాలంటేనే భయమేసేది. మా అమ్మ ఒక్కటే మాట అంది, "కాదన్నది ఆ కాగితాన్ని, నిన్ను కాదు." ఆ మాట పట్టుకుని ఏడాది గడిపాను. ఒక ల్యాబ్‌లో శాంపిల్ సీసాలకు లేబుళ్లు అంటించే పని దొరికింది. మట్టి నమూనాలు. ఎందుకు కొన్ని సీసాల్లో మట్టి రంగు వారంలో మారిపోతోందని అడిగాను. దానికి జవాబు వెతకడంలోనే నాకు సాయిల్ సైన్స్ మీద ఇష్టం పుట్టింది. రెండోసారి వ్యాసంలో ఆ సీసాల గురించే రాశాను. చాలా అమెరికా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో 650 పదాలే పరిమితి, నాకు 480 సరిపోయాయి. ఆరు చోట్ల అప్లై చేస్తే మూడు సీటిచ్చాయి.

మళ్లీ అప్లై చేసేవాళ్లు ఒకటి చూసుకోండి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. నాది మధ్యలో ముగిసిపోయి మళ్లీ రాయాల్సి వచ్చింది. యూకాస్‌లో 2026 ప్రవేశాల నుంచి పాత పద్ధతిలోని ఒకే పెద్ద వ్యాసం పోయి మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి, మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కో జవాబు కనీసం 350. పాత నమూనాలు చూసి తయారవ్వకండి.


రాతిపలక
సోమవారం, ఉదయం 8:00

ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, వైద్యం లాంటివి చదవాలనుకునేవాళ్లు ర్యాంకు కంటే ముందు చూడాల్సింది, మీరు పనిచేయాలనుకునే దేశంలో ఆ డిగ్రీని వృత్తి సంస్థలు ఒప్పుకుంటాయా అన్నది. ఇంజినీరింగ్‌కు 1989 నాటి వాషింగ్టన్ అకార్డ్ ఉంది. సంతకం చేసిన దేశాలు ఒకరి గుర్తింపు పొందిన కోర్సులను ఇంకొకరు ఒప్పుకుంటాయి. గుర్తింపు కోర్సుకు ఉంటుంది, యూనివర్సిటీకి మొత్తంగా కాదు. కాబట్టి మీ కోర్సు పేరుతోనే వెతకండి.


కాగితంపడవ
మంగళవారం, రాత్రి 9:45

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ప్రతి పోస్టూ రెండుసార్లు చదివాను. ఎర్రసిరా సార్ చెప్పినట్టే నాలుగు మెయిళ్లూ ఆదివారం రాత్రే పంపాను. గోరింటచెట్టు అక్కా, మీ నోట్సు సంగతి చదివి ఏడ్చాను.

చిన్నదాని నుంచి ఈరోజే జవాబు వచ్చింది. స్టాటిస్టిక్స్ విభాగంలో పాఠం చెప్పే ఆవిడే రాశారు. పెద్దదాని నుంచి ఇంకా ఏమీ రాలేదు.

ఒక సందేహం. నా ఫ్రెండ్ ఒకతను రెండింటికీ డిపాజిట్ కట్టేసి నెల తర్వాత తేల్చుకోమంటున్నాడు. అలా చేయొచ్చా?


ఎర్రసిరా
మంగళవారం, రాత్రి 10:10

వద్దమ్మా. చాలాచోట్ల అది నిబంధనలకు విరుద్ధం, తెలిస్తే రెండు సీట్లూ పోయే ప్రమాదం ఉంది. అంతకంటే, నువ్వు ఉత్తినే పట్టుకుని కూర్చున్న సీటు కోసం ఇంకో పిల్ల రోజూ మెయిల్ తెరిచి చూస్తూ ఉంటుంది. బ్రిటన్ పద్ధతిలో ఒకటి గట్టిగా, ఇంకొకటి షరతులు కుదరకపోతే వాడుకోవడానికి ఉంచుకోవచ్చు. అది నియమం ఒప్పుకున్నది కాబట్టి వేరు. గడువు సరిపోకపోతే, నాకు మీ జవాబు అందాల్సి ఉంది, ఇంకో వారం ఇవ్వగలరా అని సూటిగా అడుగు. అడగడంలో తప్పేం లేదు, కొందరు ఇస్తారు.


కాగితంపడవ
శుక్రవారం, రాత్రి 11:50

తేల్చుకున్నాను. అన్నీ చెబుతాను, ఎందుకంటే మీరంతా చెప్పారు.

పెద్దదాని నుంచి గురువారం జవాబొచ్చింది. ఎంతమంది స్టాటిస్టిక్స్ అడిగారు, ఎంతమందికి దొరికింది అన్నదానికి అంకెలు ఇవ్వలేదు. అది ఏటికేడు మారుతుందని చెప్పి ఒక వెబ్ పేజీ లింకు పంపారు. మర్యాదగానే రాశారు. అక్కడ చదివే రెండో ఏడాది అబ్బాయితో మాట్లాడాను. తనకు కోరుకున్నది దొరికిందట, చాలా సంతోషంగా ఉన్నాడు. నీ గదిలో ఉండేవాళ్ల సంగతేంటని అడిగితే కాసేపు ఆగి, ముగ్గురిలో ఒకరికి దొరకలేదన్నాడు.

చిన్నదానిలో అన్నీ బాగున్నాయని కాదు. ఆవిడ దాచకుండా రాశారు. బేయెసియన్ కోర్సు రెండేళ్లకోసారే ఉంటుంది, మెజర్ థియరీ కావాలంటే గణిత విభాగంలో అనుమతి తీసుకుని కూర్చోవాలి. మొదటి ఏడాది ప్రాబబిలిటీ తనే చెబుతానని, క్లాసులో అరవై మంది దాకా ఉంటారని రాశారు. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుంది, సగటు తగ్గితే ఒక సెమిస్టర్ గడువిస్తారు. ఇది మెయిల్‌లో రాసి ఇచ్చారు. అంకుల్ చెప్పినట్టు, స్కాలర్‌షిప్ మధ్యలో పోతే ఏమవుతుందో కూడా లెక్క వేశాం. కష్టమవుతుంది, కానీ చదువు ఆగిపోదు. పెద్దదానికి మొదటి రోజు నుంచే అంతకు మించి అప్పు.

తూర్పుగాలి అన్నా, మీరు చెప్పింది చాలాసేపు ఆలోచించాను. నా ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నారు, మా పిన్ని పరిశోధనలో ఉంది. దారి చెప్పేవాళ్లు లేని పరిస్థితి నాది కాదు. అదే అయితే నేను వేరేలా ఆలోచించేదాన్నేమో.

నాన్నకు రెండు జవాబులూ చదివి వినిపించాను. ఫోన్లో పెద్దదాని పేరు చెబుతున్నప్పుడు ఎంత సంతోషంగా ఉన్నారో నాకు తెలుసని, అందుకే చెప్పడానికి భయపడ్డానని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నువ్వేం చదవబోతున్నావో చెప్పడం నాకు రాలేదమ్మా. నాకు చెప్పడం వచ్చింది ఆ పేరొక్కటే." నాకు నోట మాట రాలేదు. ఇన్ని నెలల్లో స్టాటిస్టిక్స్ అంటే ఏంటో నేను ఆయనకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒక కాగితం తీసుకుని, వెయ్యి మందిని అడిగి కోట్ల మంది గురించి ఎలా అంచనా వేస్తారో, ఎంత తప్పొచ్చే అవకాశం ఉందో కూడా ఎలా లెక్కగడతారో బొమ్మలు గీసి చెప్పాను. రాత్రి పన్నెండు దాకా ప్రశ్నలు అడిగారు.

ఈ సాయంత్రం చిన్నదానికి సరేనని చెప్పి డిపాజిట్ కట్టాం. పెద్దదానికి కృతజ్ఞతలు చెబుతూ రాలేనని రాశాను. ఆ బటన్ నొక్కేటప్పుడు చేయి వణికింది. ఇంకా కొంచెం దిగులుగానే ఉంది.


గోరింటచెట్టు
శనివారం, ఉదయం 6:30

ఆ దిగులు కొన్నాళ్లుంటుంది చెల్లీ, ఉండనివ్వు. నేను రెండోచోట చేరినప్పుడు కూడా మొదటి నెలంతా ఉంది. నాకు అది పోయిన రోజు గుర్తుంది, ల్యాబ్‌లో కోడ్ పనిచేయక పక్కవాళ్లతో కలిసి రాత్రి తొమ్మిది దాకా కూర్చున్న రోజు. ప్రాబబిలిటీ క్లాసు మొదలయ్యాక ఇక్కడ రాయి.


వేచివున్నా
శనివారం, ఉదయం 7:10

అభినందనలు. నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మొదటి పోస్టులో ఇంకొకటి వెయిటింగ్ లిస్టులో పెట్టిందన్నావు కదా. అందులోంచి నీ పేరు తీసేశావా? అది ఏ యూనివర్సిటీయో నాకు తెలియదు, నేనున్నది వేరే జాబితాలో కావచ్చు. ఐదు వారాలుగా ఎదురుచూస్తున్నాను, అందుకే అడగాలనిపించింది.


కాగితంపడవ
శనివారం, ఉదయం 7:25

అయ్యో, మర్చిపోయాను. ఈ గొడవలో అది గుర్తే లేదు. ఇప్పుడే లాగిన్ అయి తీసేశాను, కన్ఫర్మేషన్ మెయిల్ కూడా వచ్చింది. మీకు కబురు వస్తే ఇక్కడ తప్పకుండా రాయండి, చూస్తుంటాను.